హైడ్రోజన్ బెంచీ డైరీ: నీటిని విడగొట్టడం నుంచి ఖనిజాన్ని ఇనుము చేయడం దాకా

ఇలాంటిదే కట్టాలనుకునే వాళ్ల కోసం ఈ డైరీ రాస్తున్నాను. ఒకే సెల్ ఉన్న చిన్న క్షార ఎలక్ట్రోలైజర్ (కరెంటుతో నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొట్టేది), దాని వెనక చిన్న ఫ్యూయల్ సెల్ (హైడ్రోజన్ నుంచి మళ్లీ కరెంటు తీసేది), చివర్లో ఒక గొట్టం ఫర్నేసు. హైడ్రోజన్ మాట వస్తే "నీళ్లతో నడిచే బండి", "రేపటి ఇంధనం" అనేస్తారు గానీ పక్కన అంకె ఒక్కటీ ఉండదు. ఇక్కడ కొలిచినవి మూడు. కిలో హైడ్రోజన్‌కి ఎంత కరెంటు పోతోంది? అందులో ఎంత తిరిగొస్తోంది? అదే హైడ్రోజన్‌ని ఇనుప ఆక్సైడ్ మీదికి పంపితే ఏమవుతోంది?

మొదలుపెట్టే ముందు

1. గాలిలో 4 నుంచి 75 శాతం మధ్య ఎంత ఉన్నా హైడ్రోజన్ అంటుకుంటుంది. అంటుకోవడానికి 0.02 మిల్లీజౌళ్ల నిప్పురవ్వ చాలు, నైలాన్ బట్టలు విప్పేటప్పుడు వచ్చే చిటపటలో అంతకన్నా ఎక్కువ శక్తి ఉంటుంది. దాని మంట పగటి వెలుగులో దాదాపు కనిపించదు.
2. హైడ్రోజన్, ఆక్సిజన్ రెండూ కలిసి ఒకే గొట్టంలోంచి వచ్చే డిజైన్లు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి. వాటి జోలికి పోవద్దు. అది పేలడానికి సిద్ధంగా ఉన్న మిశ్రమం.
3. నిల్వ చేయడం లేదు, పీడనం పెంచడం లేదు. పుట్టిన గ్యాస్ అప్పటికప్పుడు వాడాలి, లేదా ఆరుబయటికి వదిలేయాలి.
4. పొటాషియం హైడ్రాక్సైడ్ పలుకుల్ని కొద్దికొద్దిగా నీళ్లలో వేయాలి. పలుకుల మీద నీళ్లు పోస్తే వేడికి చిమ్ముతుంది. కళ్లజోడు, గ్లవ్స్ తప్పనిసరి.
5. ఉప్పు నీళ్లు వద్దు. ఆక్సిజన్ రావాల్సిన చోట క్లోరిన్ వస్తుంది.
6. అల్యూమినియం, ఇత్తడి, జింకు పూత ఉన్న బోల్టులు ద్రావణానికి తగలకూడదు. అల్యూమినియం అయితే క్షారంలో కరిగిపోతూ తానే హైడ్రోజన్ విడుస్తుంది, దాంతో కొలతలన్నీ తప్పుతాయి.

డైరీ పొడుగునా వాడిన లెక్క ఇది. ఒక మోల్ (సుమారు 2 గ్రాములు) హైడ్రోజన్‌కి 2 × 96,485 కూలంబ్‌ల విద్యుత్తు కావాలి. ఆ ప్రకారం కిలోకి సుమారు 26,590 ఆంపియర్ గంటలు. అంటే:

కిలోకి కిలోవాట్ గంటలు = సెల్ వోల్టేజీ × 26.59 ÷ దిగుబడి (రావాల్సిన గ్యాస్‌లో నిజంగా వచ్చిన వాటా)

నీళ్లు విడిపోవడానికి సిద్ధాంతపరంగా 1.23 వోల్టులు చాలు. కానీ బయటి నుంచి వేడి ఇవ్వకుండా మొత్తం శక్తి కరెంటు నుంచే రావాలంటే 1.48 వోల్టులు కావాలి. ఆ వోల్టేజీ దగ్గర, దిగుబడి పూర్తిగా ఉంటే, కిలోకి 39.4 కిలోవాట్ గంటలు. ఇక ఎంత ఎక్కువైతే అంత వేడిగా పోతున్నట్టే.

మొదటి దశ: స్టీలు పలకలు, పారదర్శక డబ్బా

పలక సైజు 5 × 5 సెం.మీ. మధ్యలో రెండు గ్యాస్‌లూ కలవకుండా ఆపే పాలీప్రొపిలీన్ ఫెల్ట్, దానికి అటూ ఇటూ 8 మి.మీ. చొప్పున ఎడం. 10 శాతం క్షార ద్రావణం, 2.5 ఆంపియర్లు. రెండు పలకలూ 316 స్టెయిన్‌లెస్ స్టీలు. డబ్బా పాలీకార్బొనేట్, లోపల బుడగలు కనిపిస్తాయని.

వోల్టేజీ 2.58. కాసేపు నడిచాక రెండు సమస్యలు బయటపడ్డాయి.

ఒకటి, ఆనోడ్ (ఆక్సిజన్ పుట్టే పలక) వైపు ద్రావణం లేత పసుపు రంగుకి తిరిగింది. కొద్దిగా తీసి ఆమ్లీకరించి డైఫినైల్ కార్బజైడ్ చుక్క వేస్తే ఊదా రంగు వచ్చింది. అంటే హెక్సావలెంట్ క్రోమియం, క్యాన్సర్ కారకం. స్టెయిన్‌లెస్ స్టీలు ఆనోడ్‌గా పనిచేస్తున్నంతసేపూ దానిలోని క్రోమియం కొద్దికొద్దిగా ద్రావణంలోకి దిగుతుంది. ఆ ద్రావణాన్ని సింకులో పారబోయకూడదు. పాలిథీన్ సీసాలో మూత బిగించి, పేరు రాసి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోటికి పంపాలి. "స్టీలు చవక, బాగానే పనిచేస్తుంది" అనే సలహాలో ఈ ముక్క ఎక్కడా ఉండదు. నా దృష్టిలో ఈ డైరీ మొత్తంలో కాపీ చేసేవాళ్లు ముందుగా చదవాల్సింది ఇదే.

రెండోది, పాలీకార్బొనేట్ మసకబారి, బోల్టు రంధ్రాల చుట్టూ వెంట్రుకల్లాంటి పగుళ్లు వచ్చాయి. ఆ ప్లాస్టిక్‌ని క్షారం తినేస్తుంది.

మార్చినవి: ఆనోడ్, కాథోడ్ (హైడ్రోజన్ పుట్టే పలక) రెండూ నికెల్‌వి. డబ్బా పాలీప్రొపిలీన్, గ్యాస్కెట్ ఈపీడీఎం రబ్బరు. లోపలికి చూడటం పోయింది, లీకు భయం కూడా పోయింది.

రెండో దశ: గ్యాస్ కొలవడం

వోల్టేజీ ఎంత బాగున్నా గ్యాస్ కొలవకపోతే లెక్క సగమే. నీళ్లతో నింపిన కొలజాడీని బోర్లించి గ్యాస్ పట్టాను.

1. కరెంటు పెట్టాక 15 నిమిషాలు ఆగండి. గొట్టంలో ఉన్న గాలి పోవాలి, వోల్టేజీ నిలకడకి రావాలి.
2. సరిగ్గా 10 నిమిషాలు గ్యాస్ పట్టండి.
3. చదివే ముందు జాడీని పైకీ కిందికీ జరిపి లోపలి నీటిమట్టం, బయటి నీటిమట్టం సమానం చేయండి. 10 సెం.మీ. తేడా ఉంటే కొలత దాదాపు 1 శాతం తప్పుతుంది.
4. నీటి ఆవిరి వాటా తీసేయండి. 30 డిగ్రీల దగ్గర అది 4.24 కిలోపాస్కల్స్, అంటే జాడీలో కనిపించే గ్యాస్‌లో 4 శాతం పైనే.

2.5 ఆంపియర్లు 10 నిమిషాలు నడిస్తే 30 డిగ్రీల దగ్గర పొడి హైడ్రోజన్ 193 మి.లీ. రావాలి. ఆవిరితో కలిపి జాడీలో 202 కనిపించాలి. వచ్చింది 171. ఆ 31 మి.లీ. ఎక్కడికి పోయాయో ఒక్కొక్కటిగా వెతికాను.

ముందు కరెంటు. పవర్ సప్లై డిస్‌ప్లేలో 2.50 ఉంది. వరసలో 0.01 ఓమ్ షంట్ (కరెంటు కొలవడానికి పెట్టే చిన్న నిరోధం) పెట్టి చూస్తే 24.2 మిల్లీవోల్టులు, అంటే అసలు కరెంటు 2.42. ఆ కరెంటుకి రావాల్సింది 195. ఏడు మి.లీ. అసలు పుట్టనే లేదు.

తర్వాత గొట్టం. మీటరు పొడవు సిలికోన్ గొట్టం వాడాను. సిలికోన్ గోడలోంచి హైడ్రోజన్ చాలా సులువుగా బయటికి పోతుంది. నైలాన్ గొట్టం పెట్టగానే 5 మి.లీ. పెరిగింది. నీళ్లు కారని గొట్టం గ్యాస్‌ని కూడా ఆపుతుందని అనుకోవడానికి లేదు.

పెద్ద లీకు గ్యాస్కెట్ మూల దగ్గర. సబ్బు నీళ్లు రాస్తే ఒకే చోట సన్నని నురగ తేలుతూ ఉంది. బోల్టుల్ని ఒకవైపు నుంచి వరసగా బిగిస్తే ఎదుటి మూల లేస్తుంది. ఎదురెదురు బోల్టుల్ని కొద్దికొద్దిగా, టార్క్ రెంచీతో మూడు విడతల్లో బిగించాక 16 మి.లీ. దొరికింది.

మొత్తం 192. రావాల్సిన 195 మీద 98 శాతం. మిగిలిన 2 శాతంలో జాడీ చదివే పొరపాటు కొంత, ఫెల్ట్‌లోంచి అవతలికి పోయేది కొంత. ఇకపై అన్ని లెక్కల్లో దిగుబడి 0.98, కరెంటు షంట్ మీదే చూసినది.

ఇప్పటివరకు మొత్తం: హైడ్రోజన్ 9 లీటర్లు, విద్యుత్తు 57 వాట్ గంటలు.

మూడో దశ: వోల్టేజీ దించడం

ఒక్కోసారి ఒక్కటే మార్చి, అన్నీ 2.5 ఆంపియర్ల దగ్గరే చూశాను. మొదటి అంకె సెల్ వోల్టేజీ, రెండోది కిలోకి కిలోవాట్ గంటలు.

- స్టీలు, 10 శాతం క్షారం, మొత్తం ఎడం 16 మి.మీ.: 2.58, 70.0
- నికెల్, మిగతావి అవే: 2.49, 67.6
- క్షారం 25 శాతం: 2.34, 63.5
- ఎడం 6 మి.మీ.: 2.17, 58.9
- ఎడం 3 మి.మీ.: 2.21, నిలకడ లేదు
- మళ్లీ 6 మి.మీ., ఆనోడ్ పలక బదులు నికెల్ జాలి: 2.10, 57.0
- అదే సెల్, ద్రావణం 55 డిగ్రీలు: 1.98, 53.7

ఎడం తగ్గే కొద్దీ నిరోధం తగ్గుతుంది కాబట్టి 3 మి.మీ. ఇంకా మెరుగ్గా ఉంటుందని లెక్క చెబుతుంది. బెంచీ మీద అలా జరగలేదు. పలకకీ ఫెల్ట్‌కీ మధ్య బుడగలు ఇరుక్కుని, పైకి పోవడానికి దారి లేక గుమిగూడాయి. వోల్టేజీ 2.16 నుంచి 2.26 దాకా ఊగుతూనే ఉంది. బుడగ అంటుకున్నంత మేరా పలక పనిచేయనట్టే. జాలి పెడితే బుడగలు వెనకవైపుకి పోతాయి. పెద్ద ప్లాంట్లలో ఎలక్ట్రోడ్‌ని డయాఫ్రంకి (ఫెల్ట్ లాంటి మధ్య తెరకి) ఆనించి పెట్టగలగడానికి ఇదే కారణం.

చివరి వరస చూసి సంతోషపడే ముందు ఒక మాట. 55 డిగ్రీలు నిలపడానికి బయట పెట్టిన హీటరు, సెల్ తినే 5 వాట్ల కన్నా ఎన్నో రెట్లు లాగింది. 53.7 లో అది కలపలేదు. 1.48 వోల్టులకి మించిన ప్రతి మిల్లీవోల్టూ వేడిగా మారుతుంది కాబట్టి, వందల సెల్స్ ఉన్న యంత్రం ఆ వేడితోనే 70–80 డిగ్రీల దగ్గర ఉంటుంది, దానికి చల్లబరచడమే సమస్య. ఒక్క సెల్‌కి ఆ సౌకర్యం లేదు. అందుకని ఇక్కడి నుంచి హీటరు తీసేశాను.

నీళ్ల విషయం. ఖర్చయ్యేది నీరే, క్షారం కాదు. కాబట్టి డిస్టిల్డ్ వాటర్ మాత్రమే కలపాలి. కిలో హైడ్రోజన్‌కి కనీసం 9 లీటర్లు.

ఇప్పటివరకు మొత్తం: 31 లీటర్లు, 166 వాట్ గంటలు.

నాలుగో దశ: ఆక్సిజన్ వైపు హైడ్రోజన్

కరెంటు తగ్గిస్తే సెల్ ప్రశాంతంగా నడుస్తుందనీ, ప్రమాదం తగ్గుతుందనీ అనిపిస్తుంది. కొలిస్తే సరిగ్గా తిరగబడింది.

ఆక్సిజన్ గొట్టం మీద ఉష్ణవాహకత సెన్సర్ పెట్టాను. హైడ్రోజన్ వేడిని ఆక్సిజన్ కన్నా సుమారు ఏడు రెట్లు బాగా మోస్తుంది, కాబట్టి కొంచెం కలిసినా తెలిసిపోతుంది. గాలికి కాలిబ్రేట్ చేసిన మామూలు గ్యాస్ లీక్ సెన్సర్లు శుద్ధ ఆక్సిజన్‌లో చూపే అంకెని నమ్మకూడదు.

- 2.5 ఆంపియర్లు: ఆక్సిజన్‌లో హైడ్రోజన్ 0.9 శాతం
- 1.25 ఆంపియర్లు: 1.8 శాతం
- 0.5 ఆంపియర్: 4.4 శాతం

ఫెల్ట్‌లోంచి అవతలికి జారే హైడ్రోజన్ కరెంటుతో సంబంధం లేకుండా ఇంచుమించు ఒకే మోతాదులో ఉంటుంది. కరెంటు తగ్గితే ఆక్సిజన్ పుట్టుక తగ్గుతుంది, దాంతో శాతం పెరుగుతుంది. 4 దాటితే అది మండే మిశ్రమం. 0.5 దగ్గర అంకె ఎక్కుతుంటే టెన్షన్‌తోనే స్విచ్ ఆపాను.

సోలార్ ప్యానెల్‌ని నేరుగా ఎలక్ట్రోలైజర్‌కి కలపొద్దనడానికి కారణం ఇదే. పొద్దున, సాయంత్రం, మబ్బు పట్టినప్పుడు కరెంటు సరిగ్గా ఈ ప్రమాదకర మోతాదులో ఉంటుంది. పెద్ద క్షార ఎలక్ట్రోలైజర్లని వాటి సామర్థ్యంలో ఒక స్థాయికి దిగువన నడపనివ్వకపోవడం కూడా ఇందుకే. ఎండ తగ్గినప్పుడు అన్నింటినీ మెల్లగా నడిపే బదులు కొన్నింటిని పూర్తిగా ఆపేయడం మేలు.

ఇంకో కారణం కూడా దొరికింది. హైడ్రోజన్ గొట్టం బబ్లర్‌లో (గ్యాస్ బుడగలుగా దాటి వెళ్లే నీళ్ల సీసాలో) 12 సెం.మీ. లోతున, ఆక్సిజన్ గొట్టం 4 సెం.మీ. లోతున మునిగి ఉన్నాయి. ఆ 8 సెం.మీ. నీటి పీడనం హైడ్రోజన్‌ని ఫెల్ట్‌లోంచి నెడుతోంది. రెండిటినీ 5 సెం.మీ. చేయగానే 2.5 ఆంపియర్ల దగ్గర అంకె 0.9 నుంచి 0.6 కి దిగింది.

మార్చినవి:

1. రెండు బబ్లర్లలో గొట్టాలు ఒకే లోతులో.
2. ఫెల్ట్ బదులు జిర్కోనియా కలిపిన పాలీసల్ఫోన్ డయాఫ్రం. వోల్టేజీ 0.02 పెరిగి 2.12 అయింది, 0.5 ఆంపియర్ దగ్గర హైడ్రోజన్ మాత్రం 1.5 శాతానికి పడిపోయింది. ఆ 0.02 ఖర్చు సంతోషంగా భరించాను.
3. సెన్సర్ 2 శాతం చూపగానే సప్లై కట్ చేసే రిలే.

మూడోది లేకుండా మనిషి లేని చోట సెల్ నడపొద్దు.

ఇప్పటివరకు మొత్తం: 43 లీటర్లు, 221 వాట్ గంటలు.

ఐదో దశ: హైడ్రోజన్ నుంచి మళ్లీ కరెంటు

పది చ.సెం.మీ. పొర ఉన్న ప్రోటాన్ మార్పిడి ఫ్యూయల్ సెల్స్ రెండు, వరసలో. లోడు లేనప్పుడు ఒక్కోదాని వోల్టేజీ 0.93. 1.14 ఆంపియర్ల దగ్గర 0.68. కొంతసేపటికి అదే లోడు మీద 0.51 కి జారింది, మళ్లీ లేవలేదు.

గొట్టం లోపలి చెమ్మకి పీహెచ్ కాగితం తాకిస్తే ముదురు నీలం. ఎలక్ట్రోలైజర్ నుంచి గ్యాస్‌తో పాటు క్షారపు తుంపర కొట్టుకొస్తోంది. పొటాషియం అయాన్లు పొరలోకి చేరి ప్రోటాన్ల చోట్లు ఆక్రమిస్తాయి, పొర కరెంటు మోయడం మానేస్తుంది. పాడైన పొరలు మార్చాల్సి వచ్చింది. కొత్తవి పెట్టే ముందు గ్యాస్ దారిలో ఈ వరస చేర్చాను: పాలీప్రొపిలీన్ దూదితో నింపిన తుంపర ఉచ్చు, డిస్టిల్డ్ వాటర్ బబ్లర్, ఇంకో డిస్టిల్డ్ వాటర్ బబ్లర్. రెండో బబ్లర్‌లో పీహెచ్ 7 దాటితే మొదటిదాని నీళ్లు మార్చాలి. ఆ తర్వాత 0.68 నిలబడింది.

గంట లెక్క:

- ఎలక్ట్రోలైజర్‌కి ఇచ్చింది: 2.5 × 2.12 = 5.30 వాట్ గంటలు
- ఫ్యూయల్ సెల్స్ నుంచి వచ్చింది: 1.55 వాట్ గంటలు
- తిరిగొచ్చిన వాటా: 29 శాతం

పేరుకున్న నీటిని, ఇతర వాయువుల్ని తోయడానికి అప్పుడప్పుడు వదిలే హైడ్రోజన్ 7 శాతం. అదీ ఈ లెక్కలో ఉంది. పెద్ద యంత్రాలు నాకన్నా మెరుగ్గా చేస్తాయి, కానీ వాటికి నేను తప్పించుకున్న ఖర్చు ఒకటుంది: కార్ల ట్యాంకుల్లో లాగా 700 బార్‌కి నొక్కడం, లేదా మైనస్ 253 డిగ్రీలకి చల్లబరిచి ద్రవం చేయడం. ద్రవం చేయడానికే కిలోకి సుమారు 10 కిలోవాట్ గంటలు పోతాయి.

కారు లెక్కలోకి తెస్తే విషయం ఇంకా తేటగా ఉంటుంది. ఫ్యూయల్ సెల్ కారు 100 కి.మీ.కి దాదాపు కిలో హైడ్రోజన్ తాగుతుంది, నా సెల్‌తో అది 57.5 కిలోవాట్ గంటలు. బ్యాటరీ కారుకి అదే దూరం 15–20 తో సరిపోతుంది. రోజూ ఇంటికి తిరిగొచ్చి ప్లగ్ పెట్టుకోగలిగే బండికి హైడ్రోజన్ అక్కర్లేదన్నది నా గట్టి అభిప్రాయం. కరెంటు తీగ లేని రైలు మార్గాలు, వారాల తరబడి సముద్రం మీద ఉండే ఓడలు వేరే సంగతి. అక్కడ బ్యాటరీ బరువే అడ్డం. జర్మనీలో 2018లో హైడ్రోజన్ రైళ్లు ప్రయాణికులతో నడిచింది విద్యుదీకరణ లేని లైను మీదే.

ఇప్పటివరకు మొత్తం: 58 లీటర్లు, 291 వాట్ గంటలు.

ఆరో దశ: ఖనిజం నుంచి ఇనుము

ఇక్కడ హైడ్రోజన్ పని మారిపోతుంది. అది కరెంటు మోసే సరుకు కాదు, ఆక్సిజన్‌ని లాక్కుపోయే రసాయనం. బ్లాస్ట్ ఫర్నేసులో ఆ పని బొగ్గుది. అందుకే టన్ను స్టీలుకి సుమారు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది.

క్వార్ట్జ్ గొట్టం, సిరామిక్ పడవ, అందులో 110 డిగ్రీల దగ్గర ఆరబెట్టిన ఎర్రటి ఫెర్రిక్ ఆక్సైడ్ 2.000 గ్రాములు. పూర్తిగా ఇనుమైతే బరువు 0.601 గ్రాములు తగ్గాలి. హైడ్రోజన్ ధార నిమిషానికి 19 మి.లీ.

1. గొట్టం చల్లగా ఉన్నప్పుడే నైట్రోజన్‌తో గాలి తోసేయాలి.
2. హైడ్రోజన్ వదిలి, బయటికొచ్చే గ్యాస్‌లో 95 శాతం పైన హైడ్రోజన్ అని సెన్సర్ చూపాకే ఫర్నేసు వేయాలి.
3. బయటి చివర మంచుతో చల్లబరిచిన ఉచ్చు, ఆ తర్వాత గొట్టం ఆరుబయటికి.
4. ఆపేటప్పుడు ముందు వేడి ఆపాలి, తర్వాత హైడ్రోజన్ ఆపి నైట్రోజన్ వదలాలి, చల్లారాక చివరికి నైట్రోజన్ ఆపాలి.

మొదటి పడవని 500 డిగ్రీల దగ్గర ఉంచాను. నల్లటి మెత్తని పొడి వచ్చింది. 80 డిగ్రీలకి చల్లారాక గొట్టం తెరిస్తే, గాలి సోకిన అంచు నుంచి ఎర్రటి కాంతి పొడి మీదుగా పాకి ఆరిపోయింది. 0.52 గ్రాములు తగ్గిన బరువులో 0.31 మళ్లీ ఎక్కేసింది. తక్కువ వేడిలో తయారైన ఇనుము మరీ సన్నగా ఉండి గాలిలో దానంతటదే కాలుతుంది. పరిశ్రమలో స్పాంజ్ ఐరన్‌ని (ఖనిజాన్ని కరిగించకుండా ఆక్సిజన్ తీసేసిన ఇనుముని) వేడిగా ఉండగానే ఇటుకల్లా నొక్కేయడం ఈ భయంతోనే.

రెండో పడవకి 700 డిగ్రీలు. కాసేపటికి చల్లటి చివర గాజు లోపల ముందు మసక, తర్వాత విడివిడి చుక్కలు, ఆ చుక్కలు కలిసి ఉచ్చులోకి జారడం. బ్లాస్ట్ ఫర్నేసు పొగగొట్టంలోంచి కార్బన్ డయాక్సైడ్ పోయే చోట ఇక్కడ నీళ్లు. నాలుగు గంటలు నడిపి, నైట్రోజన్‌లో చల్లార్చి తూచితే తగ్గుదల 0.43 గ్రాములు. ఇంకో రెండు గంటలు నడిపాక 0.57, అంటే 95 శాతం. గది వేడికి పూర్తిగా చల్లారాకే గాలి మెల్లగా వదిలాను. బూడిద రంగు గడ్డ, చుట్టూ చిన్న చిన్న రంధ్రాలు. సుత్తితో కొడితే చదునై మెరిసింది.

అయస్కాంతానికి అంటుకుంటే ఇనుమైపోయినట్టు కాదు. మధ్యలో వచ్చే మాగ్నెటైట్ (ఇంకా ఆక్సిజన్ మిగిలున్న ఇనుప ఆక్సైడ్) కూడా అంటుకుంటుంది. తూకాన్నే నమ్మండి.

2 గ్రాముల ఆక్సైడ్‌కి సమీకరణం ప్రకారం 0.93 లీటరు చాలు. పంపింది 6.8 లీటర్లు. ఈ తేడా లీకు వల్ల కాదు. 700 డిగ్రీల దగ్గర చివరి దశలో పుట్టిన నీటి ఆవిరి చర్యని వెనక్కి లాగుతుంది, హైడ్రోజన్‌లో మూడోవంతు కూడా పనిలోకి రాదు. మిగిలింది నేను బయటికి వదిలేశాను. పరిశ్రమలో నీటిని చల్లబరిచి తీసేసి ఆ హైడ్రోజన్‌ని మళ్లీ ఫర్నేసులోకే తిప్పుతారు. అలా తిప్పితే టన్ను ఇనుముకి ఖర్చు సిద్ధాంతపరమైన 54 కిలోల దగ్గరికి వస్తుంది. నా సెల్ లెక్కన అది సుమారు 3,100 కిలోవాట్ గంటలు. ఖనిజాన్ని వేడి చేసే ఖర్చు ఇందులో లేదు. నా ఫర్నేసు ఆరు గంటల్లో 1.9 కిలోవాట్ గంటలు తినేసింది గానీ, అందులో దాదాపు అంతా గోడల్లోంచి పోయిందే కాబట్టి దాన్ని టన్నులకి హెచ్చించడం తప్పు. స్వీడన్‌లోని లూలియోలో హైబ్రిట్ అనే ఉక్కు ప్రాజెక్టు పైలట్ ప్లాంటు 2021లో ఈ దారిలోనే స్పాంజ్ ఐరన్ తీసింది.

అమ్మోనియాదీ ఇదే కథ. టన్నుకి 178 కిలోల హైడ్రోజన్ కావాలి, దాని స్థానంలో పెట్టడానికి బ్యాటరీ పనికిరాదు. ఇవాళ ప్రపంచంలో హైడ్రోజన్ ఎక్కువగా సహజవాయువు నుంచే వస్తోంది, కిలోకి 9–10 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదులుతూ. శుభ్రమైన కరెంటుతో తీసిన మొదటి కిలోలు వెళ్లాల్సింది ఎరువుల ప్లాంట్లకీ, ఉక్కు ఫర్నేసులకీ.

ఇప్పటివరకు మొత్తం: 73 లీటర్లు, అంటే 5.9 గ్రాములు. విద్యుత్తు 361 వాట్ గంటలు, సగటున కిలోకి 61 కిలోవాట్ గంటలు. విడిపోయిన నీరు సుమారు 53 మి.లీ.

తర్వాత మార్చబోయేవి

1. ఫర్నేసు చివర మంచు ఉచ్చు తర్వాత, హైడ్రోజన్‌ని తిరిగి గొట్టం మొదటికి పంపే చిన్న డయాఫ్రం పంపు. దాని రబ్బరు ఈపీడీఎం కావాలి, సిలికోన్ కాదు. చూషణ వైపు గాలి లీకైతే వేడి గొట్టంలోకి ఆక్సిజన్ పోతుంది కాబట్టి లూపు మొత్తం బయటి గాలి కన్నా 5 సెం.మీ. నీటి పీడనం ఎక్కువలో ఉండాలి, ఆక్సిజన్ సెన్సర్‌కి కట్-ఆఫ్ రిలే తప్పనిసరి.
2. పడవలో పొడి బదులు 5 మి.మీ. ఉండలు, గ్యాస్ లోపలికంటా చేరుతుందో లేదో తూకంతో చూడటానికి.
3. కాథోడ్ కూడా జాలిగా మార్చి, హీటరు లేకుండా 2.05 వోల్టుల కిందికి వస్తుందేమో కొలవడం.